కథ దగ్గరికి తీసుకెళ్లే ప్రాజెక్టులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

నేటి తెలుగు కథ, కవిత్వం పాఠంగా చెప్పేటప్పుడు విద్యార్థులతో ఎలాంటి ప్రాజెక్టులు చేయించాలని అడుగుతూ నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నిటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం.

డిగ్రీ క్లాసులో నలభై మంది ఉన్నారు. ప్రాజెక్టు అంటే రచయిత పరిచయం, కథాసారం, పాత్రచిత్రణ... అన్నీ ఇంటర్నెట్ నుంచి దించుకొస్తారు. ఈమధ్య ఏఐతో రాయించుకొస్తున్నారు. ‘కొత్తగా ఏదైనా చేయండి’ అంటే అందరూ షార్ట్ ఫిల్మ్ అంటారు. ఏం చేయమంటారు?
— తెలుగు అధ్యాపకురాలు, కావలి

ఒక్క నియమంతో మొదలుపెట్టండి మేడమ్. ప్రాజెక్టులో పిల్లలు తీసుకున్న ప్రతి నిర్ణయానికీ కథలోంచి ఒక వాక్యం చూపించాలి. సన్నివేశం రాత్రిపూట పెట్టారా? అది రాత్రి అని కథలో ఎక్కడుంది? ఆ పాత్ర గొంతు తగ్గించి మాట్లాడిందా? తగ్గించాలని మీకెలా తెలిసింది? ఆధారం లేకపోయినా ఫరవాలేదు, ‘ఇది మేం కల్పించాం, ఎందుకంటే...’ అని రాసి ఇవ్వాలి. ఈ నియమం పెట్టాక దించుకురావడం చాలావరకు తగ్గుతుంది. రచయిత పరిచయం ఎక్కడైనా దొరుకుతుంది. మీరిచ్చిన జిరాక్స్ కాగితం అంచున పిల్లవాడు పెన్సిల్‌తో రాసుకున్న ప్రశ్న మాత్రం ఎక్కడా దొరకదు.

కథ చిన్నదై ఉండాలి. 2,500 మాటలు దాటితే ఒక పీరియడ్‌లో గట్టిగా చదవడం కుదరదు. మీరు కావలిలోనే ఉన్నారు కనుక మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’లోంచి ఒకటి తీసుకోండి. మీ ఊరి ముస్లిం ఇంట్లో పెరిగే పిల్లవాడి నోట, నెల్లూరు మాటలో నడిచే కథలవి. ఊరు తెలుసు కాబట్టి పిల్లలు ధైర్యంగా నోరు తెరుస్తారు.

ఆరు వారాలు పెట్టుకోండి. మొదటి వారం చదవడమే, ప్రాజెక్టు మాట ఎత్తొద్దు. ప్రతి ఒక్కరూ మూడుచోట్ల గుర్తు పెట్టాలి: కథ మలుపు తిరిగిన చోటు, అర్థం కాని చోటు, వదల్లేని వాక్యం. రెండో వారం తెలియని మాటల జాబితా, ఇంట్లో పెద్దవాళ్లను అడిగి అర్థాలు. మూడో వారం ఐదుగురేసి ఎనిమిది జట్లు, జట్టుకో అరపేజీ ప్రతిపాదన. ఏ రూపంలో చేస్తారు, కథలో ఏ చోటు మీద ఆధారపడతారు, ఆ రూపంలోకి మారిస్తే కథలో ఏది పోతుంది, ఈ మూడూ అందులో ఉండాలి. మూడోదానికి జవాబు రాయలేని జట్టు కథ ఇంకా చదవలేదన్నమాట, మళ్లీ చదవమనండి. నాలుగో వారం సగం పని చూపించాలి. ఎక్కువ ప్రాజెక్టులు దెబ్బతినేది ఇక్కడే. సగంలో చూడకుండా వదిలేస్తే చివరి రాత్రి ఒకరే కూర్చుని మొత్తం చేస్తారు. ఐదో వారం దిద్దుకోవడం. ఆరో వారం జట్టుకు 7 నిమిషాల ప్రదర్శన, 3 నిమిషాల ప్రశ్నలు. ఎనిమిది జట్లకు 80 నిమిషాలు, అంటే రెండు పీరియడ్లు.

షార్ట్ ఫిల్మ్ మాత్రం మొదటి ప్రాజెక్టుగా వద్దు. ఫోన్ ఒకరి చేతిలో ఉంటుంది, మిగతా నలుగురూ నిలబడి చూస్తారు. గాలి హోరులో మాటలు వినపడవు. ఎడిటింగ్‌కు పోయే టైములో పదో వంతు కూడా కథకు దక్కదు. రూపం ముందు ఖాయం చేసుకుని కథను దానికి తగిలిస్తే కథ వట్టి సాకుగా మిగులుతుంది.

తొమ్మిదో తరగతి. కథను ఇంకో పాత్ర వైపు నుంచి రాయమంటే సారాంశం రాస్తారు, లేకపోతే నీతులు చెబుతారు. అందరి రాతా ఒకేలా ఉంటోంది.
— ఉపాధ్యాయుడు, దర్శి

‘వేరే పాత్రగా రాయండి’ అని వదిలేస్తే అంతే సార్. పిల్లల చేతికి పనిముట్టు ఇవ్వాలి. మొత్తం కథ కాకుండా ఒక్క సన్నివేశం, ఒకటిన్నర పేజీ మించకుండా రాయించండి. రాసే ముందు కాగితాన్ని నిలువునా రెండుగా మడిపించండి. ఎడమవైపు ‘ఈ పాత్ర కళ్లారా చూసినవి, చెవులారా విన్నవి’, కుడివైపు ‘ఈ పాత్రకు తెలిసే అవకాశం లేనివి’. కుడివైపు ఉన్నదేదీ రాతలోకి రాకూడదు. ఈ ఒక్క కట్టడితో రాత మారిపోతుంది. అమ్మ వంటింట్లో ఉంటే బయట అరుగు మీద నాన్న ఎవరితో ఏమన్నాడో ఆమెకు తెలియదు. సగం మాటలే వినపడతాయి, మిగతా సగం ఆమె ఊహించుకుంటుంది. ఆ ఊహలోనే పాత్ర పుడుతుంది.

నీతులు ఎందుకొస్తాయంటే, పిల్లలు పక్క పాత్రకు కూడా రచయితకున్నంత తెలివి ఇచ్చేస్తారు. కథ అయిపోయాక తెలిసే సంగతి దానికి ముందే తెలిసినట్టు రాస్తారు. ‘అప్పటికి ఆమెకు ఏం కావాలి?’ అని అడగండి. రేపటికి బియ్యం కావాలి, కూతురి ఫీజు కట్టాలి, మొగుడు కేకలేయకుండా ఉండాలి. కోరిక తేలితే నీతి తనంతట తనే తగ్గుతుంది.

ఇంకో లాభం ఉంది. పిల్లవాడు చెప్పే నవ్వుల కథను తల్లి నోటితో రాయిస్తే నవ్వు ఎగిరిపోతుంది. ఇంట్లో డబ్బు లేకపోవడం వాడికి ఆట, ఆమెకు బాధ. ఆ నవ్వు సంఘటనలో లేదని, చూసే కంటిలో ఉందని అప్పుడు పిల్లలకే తెలుస్తుంది. ‘కథన దృక్కోణం’ అన్న మాట బోర్డు మీద రాయాల్సింది ఆ తర్వాతే.

పై తరగతుల వాళ్లకు ఓల్గా ‘విముక్త’ చూపించండి. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన కథల సంపుటి. సీత శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలుసుకుంటుంది. పాత కథలోని ఖాళీలు వెతికి అక్కడ కొత్త కథ నిలబెట్టడం మన రచయితలు చేస్తున్న పనేనని పిల్లలకు తెలిస్తే, తాము చేస్తున్నది హోంవర్క్ కాదన్న నమ్మకం కలుగుతుంది.

ఒక పత్తి రైతు కథను మా ప్రాంతపు పొగాకు రైతు కథగా మార్చి 20 నిమిషాల నాటిక రాస్తున్నాం. పేర్లు, పంట మార్చాం. షావుకారు అరుగు మీద పోట్లాట సీను అలాగే ఉంచాం. అయినా అతికినట్టు లేదు.
— డిగ్రీ విద్యార్థులు, ఒంగోలు

పంట మారిస్తే చాలదు, అప్పు నడిచే దారి కూడా మారాలి. పత్తి కథలో రైతును ముంచేది పురుగుమందుల కొట్టతను కావచ్చు, అతనే పంట కొనేవాడూ కావచ్చు. ఇద్దరూ ఒకే మనిషి అయితే కథంతా ఆ మనిషి అరుగు మీదే నడుస్తుంది. వర్జీనియా పొగాకు అలా అమ్ముడుపోదు. పొగాకు బోర్డు దగ్గర బ్యారన్ (పచ్చి ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) రిజిస్టర్ అయి ఉండాలి, ఎంత పండించాలో బోర్డు నిర్ణయిస్తుంది, అమ్మకం వేలం కేంద్రంలో జరుగుతుంది. బేళ్లు, అంటే ఆకు మూటలు, వరసగా పెడతారు, కొనుగోలుదారులు ఆ వరస వెంట నడుస్తూ ధర వేస్తారు. ఎవరూ పాడకపోతే అది ‘నోబిడ్’. రైతు బేలు వెనక్కి తెచ్చుకోవాలి.

అందుకే మీ నాటికలో షావుకారు అరుగు సీను అతకడం లేదు. మీ రైతుకు ఎదురుగా నిలబడి తిట్టదగ్గ మనిషి లేడు. ధర వేసి ముందుకు కదిలే వరస ఉంది, అంతే. ఇది నాటకానికి కష్టమే గానీ అసలు బలం కూడా ఇక్కడే ఉంది. పాత కథలోని పోట్లాట సీను తీసేసి, వెనక్కొచ్చిన బేలు ఇంటి ముందు దించే సీను పెట్టి చూడండి.

రాసే ముందు ఇద్దరు రైతుల్ని, ఒక బ్యారన్ కూలీని, ఆకు గ్రేడింగ్ చేసే, అంటే నాణ్యతను బట్టి వేరుచేసే ఒక ఆడమనిషిని కలవండి. కౌలు ఎంత, కట్టెల ఖర్చు ఎవరు పెట్టుకుంటారు, ఆకు ఆరబెట్టే (క్యూరింగ్) రోజుల్లో రాత్రి బ్యారన్ వేడి ఎవరు చూస్తారు, గ్రేడ్ దేన్ని చూసి కడతారు... ఈ నాలుగూ అడగండి. రాసిన డైలాగులు వాళ్లకే చదివి వినిపించండి. ‘మేం ఇట్టా అనం’ అన్న చోటల్లా కొట్టేయండి.

ఇంటర్‌లో వచన కవిత అర్థం చెప్పి వదిలేస్తున్నాం. దానితో ప్రాజెక్టు చేయించొచ్చా?
— అధ్యాపకుడు, ఆత్మకూరు

ఒక్క పీరియడ్‌లో అయిపోయేది చెబుతాం. పిల్లలు ఇంతకుముందు చూడని 12 నుంచి 15 పాదాల కవిత తీసుకుని, పాదాలు కలిపేసి మామూలు పేరాలాగా రాసి ఇవ్వండి. ఎక్కడ విరవాలో ఎవరికి వారే గీతలు పెట్టాలి. తర్వాత అసలు కవిత చూపించండి. కవి విరిచిన చోటుకూ తాము విరిచిన చోటుకూ తేడా ఉన్న రెండు చోట్ల గురించి ఐదేసి వాక్యాలు రాయాలి. పిల్లలు మామూలుగా వాక్యం ముగిసిన చోట విరుస్తారు, కవి క్రియకు ముందే ఆపి ఊపిరి బిగబట్టిస్తాడు. ఆ తేడా చెప్పించగలిగితే చాలు. కవిత ముందే తెలిసినవాళ్లుంటే మాత్రం ఈ పని చెడుతుంది.

నానీలు రాయించడం కూడా మంచిదే. ఎన్. గోపి 1997లో మొదలుపెట్టిన ప్రక్రియ ఇది. నాలుగు పాదాలు, మొత్తం 20 నుంచి 25 అక్షరాలు. ఒక కథ చదివాక దాన్ని ఒక నానీలోకి కుదించమనండి. చివరి రెండు పాదాలు సామెతలా తయారైతే వెనక్కి ఇవ్వండి. మొదటి రెండు పాదాల్లో కంటికి కనిపించే వస్తువు ఒకటి ఉండి తీరాలని షరతు పెడితే చాలావరకు బాగుపడుతుంది.

నెల్లూరు యాసలో ఉన్న కథను ఫోన్‌లో రికార్డు చేయించాం. పిల్లలు పుస్తకం చదివినట్టు చదివారు, పైగా ఒకటే గోల.
— ఉపాధ్యాయురాలు, నెల్లూరు

గోల సంగతి ముందు చూద్దాం. క్లాసు గదిలో గోడలు నున్నగా ఉంటాయి, మాట కొట్టుకొస్తుంది. లైబ్రరీ గదిలో బీరువాల మధ్య కూర్చోబెట్టండి, లేదా కిటికీకి, తలుపుకి దుప్పట్లు వేలాడదీయండి. ఫ్యాన్ ఆపాలి. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో ఉండాలి. నోటికి జానెడు దూరంలో, తిన్నగా కాకుండా కొంచెం పక్కగా పెట్టండి. తిన్నగా పెడితే ‘ప, బ, భ’ల దగ్గర ఊపిరి తగిలి ఫట్‌మంటుంది. ఫోన్ చేత్తో పట్టుకోవద్దు, మడిచిన తువ్వాలు మీద పెట్టండి. మొదలుపెట్టే ముందు అరనిమిషం ఎవరూ మాట్లాడకుండా గది నిశ్శబ్దాన్ని రికార్డు చేసుకుంటే, కత్తిరించి అతికించిన చోట్ల నింపడానికి పనికొస్తుంది. తప్పు పోతే వాక్యం మధ్యలోంచి కాకుండా ఆ పేరా మొదటినుంచి చదివించండి. మధ్యలోంచి అందుకుంటే గొంతు తేడా తెలిసిపోతుంది.

యాస సంగతి ఇంకొంచెం లోతైనది. ఇంట్లో ‘యాడికి పోతుండావు’ అనే పిల్లవాడే, కాగితం మీద అదే కనిపిస్తే తడబడతాడు. బడిలో అలా మాట్లాడితే తప్పని ఏళ్ల తరబడి విన్నాడు కదా. మీరు ముందు ఆ భయం తీయాలి. కాగితం పక్కన పెట్టించి, ఆ సన్నివేశాన్ని ఇంట్లో అవ్వకు చెప్పినట్టు నోటితో చెప్పమనండి. దాన్నే రికార్డు చేసి వినిపించండి. రచయిత రాసినదీ తమ నోట వచ్చినదీ ఒకటేనని విన్నాక కాగితం తిరిగివ్వండి. యాసను ఎక్కువ చేసి సినిమా హాస్యంలా చదివేవాళ్లూ ఉంటారు. ‘ఈ పాత్ర నవ్వించాలని మాట్లాడుతోందా?’ అని ఒక్క ప్రశ్న అడగండి.

దూబగుంట సారా వ్యతిరేక పోరాటం మీద విద్యార్థులతో నాటకం వేయించాలని ఉంది. ఒక రచయిత కథను కూడా కొంత వాడుకుంటాం. అనుమతులు కావాలా? యూట్యూబ్‌లో పెట్టొచ్చా?
— కాలేజీ సాంస్కృతిక విభాగం, ఉదయగిరి

మంచి ఎంపిక. చదువుకూ చర్యకూ మధ్య దూరం ఎంత తక్కువో చూపించే ఉద్యమం అది. 1990ల మొదట్లో అక్షరాస్యతా కేంద్రాలకు వచ్చిన ఆడవాళ్లు అక్కడ చదువుకున్న పాఠాలతో తమ ఊళ్లో సారా దుకాణం గురించి మాట్లాడుకున్నారు, నెల్లూరు జిల్లా దూబగుంటలో మూయించారు. వాళ్లలో ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. మీ నాటకంలో పాఠం చదివే సీను పెట్టండి. దాన్ని పక్కన పెట్టి కుండలు పగలగొట్టే సీనుతోనే మొదలుపెడితే సాహిత్యం క్లాసుకు ఇందులో పని లేదు.

ఆనాటి మనుషులు చాలామంది ఇప్పటికీ ఊళ్లలో ఉన్నారు. మాట్లాడేటప్పుడు ఎందుకు అడుగుతున్నారో ముందే చెప్పండి, రికార్డు చేయొచ్చా అని విడిగా అడగండి, పేరు వాడొచ్చా అని మరీ విడిగా అడగండి. తాగి కొట్టిన మొగుడి గురించి చెప్పినావిడ ఇల్లు ఆ ఊళ్లోనే ఉంటుంది. పేరు, వీధి మార్చండి. రాసిన సీను ఆమెకు వినిపించి, వద్దన్నది తీసేయండి.

ఇక చట్టం. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అందులో 52వ సెక్షన్ చదువు చెప్పేవాళ్లకు కొన్ని వెసులుబాట్లు ఇస్తుంది. పాఠం చెప్పే క్రమంలో టీచరు గానీ విద్యార్థి గానీ రచనకు ప్రతులు తీసుకోవచ్చు. కాలేజీ సిబ్బంది, విద్యార్థులు కలిసి ప్రదర్శించొచ్చు. అయితే చూసేవాళ్లు ఆ సంస్థ సిబ్బంది, విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు, సంస్థ పనులతో సంబంధం ఉన్నవాళ్లు అయి ఉండాలి. టికెట్ పెట్టి ఊరందరినీ పిలిస్తే, యూట్యూబ్‌లో పెడితే ఈ వెసులుబాటు వర్తించదు. రచయిత అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

హక్కు రచయిత చనిపోయాక మరో 60 ఏళ్లు ఉంటుంది, చనిపోయిన మరుసటి సంవత్సరం నుంచి లెక్క. 1915లో పోయిన గురజాడ రచనలకు ఎవర్నీ అడగక్కర్లేదు. 1979లో పోయిన చలం రచనలకు 2039 చివరి దాకా ఉంటుంది. నేటి కథలన్నీ హక్కు ఉన్నవే అనుకుని నడవండి. ఉత్తరంలో నాలుగు సంగతులు రాస్తే చాలు: ఏ రచన, ఎంత భాగం, ఎక్కడ ప్రదర్శన, నెట్‌లో పెడతారా లేదా. కథ ముగింపు మారుస్తుంటే అదీ చెప్పండి, అడక్కుండా మారిస్తే రచయిత నొచ్చుకోవడం న్యాయమే.

మా పాప ఎనిమిది చదువుతోంది. తెలుగు ప్రాజెక్టు అంటే థర్మాకోల్, రంగులు, అట్టలు కొనిపిస్తున్నారు. దీనివల్ల తెలుగు వస్తుందా?
— ఒక తండ్రి, సింగరాయకొండ

థర్మాకోల్ వల్ల రాదండీ. అదే పనిని తెల్లకాగితం మీద కథాస్థలం పటంగా గీయించమని టీచర్‌ను అడగండి. పంపు ఎక్కడ, బడి ఎక్కడ, ఎవరి ఇంటి నుంచి ఎవరి ఇల్లు కనిపిస్తుంది. ప్రతి చోటు పక్కన అది తెలిసిన వాక్యం ఉన్న పేజీ సంఖ్య రాయాలి. పెన్సిలు, కాగితం చాలు. పటం గీయడానికి పాప కథను నాలుగుసార్లు తిరగేస్తుంది. మీరు ఇంట్లో చేయగలిగింది ఒకటే, బొమ్మ మీరు గీసిపెట్టకండి.

జట్టుగా చేసిన ప్రాజెక్టుకు మార్కులెలా వేయాలి? బొమ్మలు బాగా వేసే ఒకరిద్దరి వల్ల జట్టంతా పైకొస్తోంది.
— అధ్యాపకుడు, నెల్లూరు

25 మార్కులైతే మా లెక్క ఇది. రచనను ఎంత దగ్గరగా చదివారన్నదానికి 10, నిర్ణయాల గురించి ఒక్కొక్కరూ విడిగా రాసిన పేజీకి 5, నోటితో చెప్పేదానికి 5, తయారీకి 5. తయారీకి అంతకు మించి వేస్తే మంచి ఫోన్, రంగులు కొనగలిగిన పిల్లలకే మార్కులు పడతాయి. రాసిన పేజీలు, నోటి ప్రశ్నలు ఎవరివి వారివే, జట్టువి కావు. ప్రశ్న మనిషికి ఒక్కటి చాలు: ‘మీరు వదిలేసిన భాగం చెప్పి, ఎందుకు వదిలేశారో చెప్పండి.’ పనిలో లేనివాడు దీనికి జవాబు చెప్పలేడు. ఈ లెక్క మొదటి వారంలోనే గోడకు అంటించండి.

పిల్లలు రాసినవి చిన్న పుస్తకంగా వేశాం. వత్తులు చెదిరిపోయాయి, కొన్ని పేజీలు తలకిందులుగా వచ్చాయి. ఎక్కడ తప్పు జరిగింది?
— తెలుగు విభాగం విద్యార్థులు, ఒంగోలు

వత్తులు చెదరడానికి కారణం ఫాంట్ మారడం. డీటీపీ షాపుల్లో, అంటే కంప్యూటర్‌లో పేజీలు కట్టే చోట, అను ఫాంట్లు వాడతారు, మీరు ఫోన్‌లో టైపు చేసింది యూనికోడ్, అంటే ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా చదవగలిగే అక్షర పద్ధతి. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటివి విరుగుతాయి. మొదటినుంచీ యూనికోడ్‌లోనే ఉంచి, మండలి లాంటి ఉచిత ఫాంట్‌తో పేజీలు కట్టి, పీడీఎఫ్ చేసి షాపుకు ఇవ్వండి. వరసల మధ్య ఎడం మామూలుకంటే ఎక్కువ పెట్టాలి, లేకపోతే పై వరస వత్తు కింది వరస గుడికి తగులుతుంది.

మడతపెట్టే పుస్తకంలో పేజీలు నాలుగేసి చొప్పున పెరుగుతాయి. 16 పేజీలకు నాలుగు ఏ4 కాగితాలు. పై కాగితం మీద ఒకవైపు 16, 1. రెండోవైపు 2, 15. తర్వాతి దాని మీద ఒకవైపు 14, 3. రెండోవైపు 4, 13. పక్కపక్కన పడే రెండు పేజీలు కూడితే ఎప్పుడూ 17 రావాలి. రెండువైపులా ముద్రించేటప్పుడు పొట్టి అంచు మీద తిప్పమని చెప్పాలి. మీ షాపతను పొడుగు అంచు పెట్టి ఉంటాడు, అందుకే తలకిందులైంది.

మామూలు స్టాప్లర్ మధ్య మడత దాకా అందదు. సూదీ దారంతో కుట్టండి. మడత మీద మూడు రంధ్రాలు: నడిమిది సరిగ్గా మధ్యలో, మిగతా రెండూ పైనుంచి, కిందినుంచి 5 సెంటీమీటర్ల లోపలికి. దారం 65 సెంటీమీటర్లు చాలు. లోపలినుంచి నడిమి రంధ్రంలో బయటికి తీసి, పై రంధ్రంలోంచి లోపలికి, నడిమిది దాటి కింది రంధ్రంలోంచి బయటికి, మళ్లీ నడిమి రంధ్రంలోంచి లోపలికి తెచ్చి, మధ్యలో ఉన్న పొడుగు దారానికి రెండువైపులా కొసలు వచ్చేలా ముడి వేయండి. అన్నీ కుట్టేయకముందే ఒక ప్రతి మడిచి చూసుకోండి. నడిమి కాగితం తెరిస్తే 8, 9 పేజీలు పక్కపక్కన కనిపించాలి.